నాకోసం తాతయ్య చేయించుకున్న ఆపరేషన్

నా చిన్నప్పుడు పొద్దు వాలుతుందంటే నాకు గుండె దడగా ఉండేది. దయ్యాల భయం కాదు. వెలుగు తగ్గేకొద్దీ మా ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటిగా మాయమయ్యేవి. మొదట గడప పోయేది. తర్వాత నీళ్ల బిందె, ఆ తర్వాత వాకిట్లో కట్టేసిన దూడ. మిగతా పిల్లలకు అవన్నీ ఇంకా కనిపిస్తూనే ఉంటాయన్న సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. లోకంలో అందరికీ సాయంత్రమంటే ఇంతేనని, వాళ్లు ఎలాగో తడుముకుని నడవడం నేర్చుకున్నారని, నాకే ఆ విద్య రాలేదని అనుకునేదాన్ని.

మాది బూదికోట పక్కన పల్లె. రాగి చేను, కొంత మల్బరీ తోట, రెండు పాడి ఆవులు ఉండేవి. ఇంటి వెనక పొడవాటి పెంకుల సాలలో పట్టుపురుగులు పెంచేవాళ్లం. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, నాన్నను కన్న మా తాతయ్య. తాతయ్యకు అప్పటికే చూపు దాదాపు పోయింది. వయసులో ఉన్నప్పుడే రాత్రిపూట కనిపించేది కాదట. నలభై దాటేసరికి పక్కల చూపు మూసుకుపోయిందట. నేను పుట్టేనాటికి ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా మసక మసకగా, గొంతును బట్టి పోల్చుకునేవాడు. ఆయన తల్లికీ అంతేనని చెప్పేవారు. వంశంలో ఉన్న జబ్బు కాబట్టి దానికి మందులేదని, ఉన్నా ఏం లాభమని అందరూ ఎప్పుడో వదిలేశారు. తాతయ్య కూడా వదిలేశాడు. అరుగు మీద కూర్చుని మల్బరీ కొమ్మల నుంచి ఆకు దూయడం ఆయన పని. ఆ పనికి కళ్లక్కర్లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం ఆకు గంప నెత్తిన పెట్టుకుని పురుగుల సాలలోకి వెళ్లాను. నాన్న తట్టలు శుభ్రం చేయడానికి రెండింటిని కింద దించి ఉంచాడు. అవి నాలుగోసారి పొర విడిచి లేచిన పురుగులు. ఇంకొక వారం మేత మేస్తే గూళ్లు కడతాయి. నేను నేరుగా వెళ్లి తట్టలో కాలు పెట్టాను. కాలికింద మెత్తగా, చల్లగా తగిలింది. అదేమిటో అర్థమై కాలు తీయబోయి రెండో తట్టలో పడ్డాను.

నాన్న చెంప మీద కొట్టాడు.

"కండ్లు యాడ పెట్టుకోని నడస్తా ఉండావ్? ఇంత పెద్ద తట్ట కనిపించలేదా నీకు?"

కనిపించలేదని చెప్పాను. ఆ మాటకు ఇంకొక దెబ్బ పడింది. ఎందుకంటే అదే రోజు మధ్యాహ్నం, అమ్మకు ఎంతకీ దొరకని సూది బెజ్జంలో నేను ఒక్కసారికే దారం ఎక్కించి ఇచ్చాను. బడిలో ఆఖరి వరసలో కూర్చుని నల్లబల్ల మీద అక్షరాలు చదివేదాన్ని. అంత చిన్నవి కనిపించే పిల్లకు ఇంత పెద్ద తట్ట కనిపించలేదంటే, అది నిర్లక్ష్యం కాక మరేమిటని నాన్న అనుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆయన లెక్కలో అది అబద్ధం, అంతే.

అమ్మ మాత్రం నమ్మింది. నమ్మి భయపడింది. అంతకుముందు ఏడాది మా పక్కింటి అక్కకు రేచీకటి వచ్చింది. జ్వరంపడి లేచిన పిల్ల, సరైన తిండి లేక కళ్లు మసకబారాయి. వాళ్లమ్మ నెల రోజులు మునగాకు కూర, మేక కార్జం పెట్టేసరికి చూపు తిరిగి వచ్చేసింది. మా వీధంతా ఆ సంబరం చూసింది. కాబట్టి నాకూ అదే అని అమ్మ నిశ్చయించుకుంది. ఆదివారం కార్జం, మిగతా రోజులు మునగాకు, తోటకూర, బొప్పాయి పండు. నాకు కార్జం వాసన పడేది కాదు. రాగి సంగటి ముద్ద మధ్యలో పెట్టి మింగేదాన్ని. ఒక నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. గడప మాత్రం రోజూ అదే వేళకు మాయమవుతూనే ఉంది.

అప్పుడు కె.జి.ఎఫ్. బంగారు గనిలో పనిచేసే మా చుట్టం ఒకాయన బంగారు రంగు మాత్రల సీసా తెచ్చి ఇచ్చాడు. చేపనూనె మాత్రలు, కంటికి చాలా బలమని చెప్పాడు. అమ్మ రోజుకొకటి వేసింది. గుణం కనిపించకపోతే రెండు వేసింది. ఆ తర్వాత పొద్దున రెండు, సాయంత్రం రెండు. సీసా అయిపోతే ఇంకొకటి తెప్పించింది. బలమైనదాన్ని ఎక్కువ వేస్తే ఎక్కువ బలమే గదా అన్నది ఆమె ధైర్యం. కొన్ని నెలలకు నాకు తలనొప్పి పట్టుకుంది. పొద్దున లేస్తూనే వాంతి. పెదవులు చీలాయి, అరచేతుల్లో చర్మం పొరలుగా ఊడింది, దువ్వెన నిండా జుట్టు వచ్చేది. జబ్బు ముదురుతోందని అమ్మ ఏడుస్తూ ఇంకొక మాత్ర పెంచింది.

ఇవన్నీ చాలవన్నట్టు, నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ గ్రహణం వేళ బయటికి వచ్చిందని ఊళ్లో ఎవరో అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు అమ్మ నా ముఖం వైపు చూడటానికే జంకేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను అరుగు మీద తాతయ్య పక్కన పడుకుని ఉన్నాను. ఆయన నా జుట్టు నిమిరాడు. చేతిలోకి ఒక పాయ ఊడి వచ్చింది. తాతయ్య దాన్ని వేళ్ల మధ్య తడిమి చూశాడు. తర్వాత నాన్నను కేకేశాడు.

"ఈ పిల్లది తిండి లేక వచ్చిన కన్ను కాదురా. ఇది నా కన్ను. సందేళ గడప దాటేటప్పుడు కాలు ముందుకు చాపి తడుముతాది. ఆ అడుగు చప్పుడు నాకు తెలుసు. నేనూ అట్లనే నడిచినాను."

"తెలిసీ ఇన్నినాళ్లు యాలప్పా చెప్పలేదు?" అన్నాడు నాన్న.

"కాదేమోనని చూస్తా ఉంటిని," అన్నాడు తాతయ్య.

మరుసటి వారం అమ్మానాన్నా నన్ను కె.జి.ఎఫ్.కు తీసుకువెళ్లారు. అక్కడ ఒక కంటి డాక్టరమ్మ ఉందని చుట్టం చెప్పాడు. తాతయ్య లేకుండా నేను బస్సెక్కనని మొండికేశాను. అందుకని ఆయనా వచ్చాడు. తన కళ్లు చూపించుకునే ఆలోచన ఆయనకు లేనే లేదు. నా చేయి పట్టుకోవడానికి మాత్రమే వచ్చాడు. బంగారుపేటలో బస్సు మారాం. గని మట్టి దిబ్బలు కనిపించగానే నేను వాటి రంగు చెబుతుంటే తాతయ్య తల ఊపుతూ విన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన కూడా గని పనికి వచ్చాడట. లోపలికి దించిన మొదటి రోజే తన పక్కనున్న మనిషి కూడా కనిపించక, ఏమీ చెప్పకుండా ఇంటికి తిరిగి వచ్చేశాడట. ఆ సంగతి ఆయన ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. పని నచ్చక వచ్చేశాడనే ఇంట్లో అందరూ అనుకుంటూ ఉన్నారు.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. ఇంటి భాష తమిళం, తెలుగు మాత్రం మాలాంటి వాళ్ల దగ్గర నేర్చుకున్నది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. అందరూ నీకేం కనిపించదు అని అడిగేవారు. ఆవిడ, "పాపా, నీకు ఏమేం కనిపిస్తాది, చెప్పు," అన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. గోడ మీద క్యాలెండరు, దాని మీద అంకెలు, మీ ముక్కుకున్న పుడక. మీ చేతులు మాత్రం లేవు అన్నాను. ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

కంట్లో చుక్కలు వేసి, చీకటి గదిలో చిన్న దీపంతో ఆవిడ నా కళ్లలోకి చాలాసేపు చూశారు. బయటికి వచ్చాక నాన్న తన వాదన చెప్పాడు.

"పగలు బాగనే చూస్తాదమ్మా. సూదిలో దారం ఎక్కిస్తాది. పొద్దు వాలితేనే ఈ నాటకం."

ఆవిడ వాదించలేదు. గోడకున్న పాత క్యాలెండరు కాగితాలు రెండు చించి, వేలి లావున గొట్టాలుగా చుట్టారు. వాటిని నాన్న కళ్లకు ఆనించి పట్టుకోమన్నారు. ఎదురుగా తలుపు మీద అంటించిన చిన్న అక్షరాలు చదవమన్నారు. నాన్న తడబడకుండా చదివాడు.

"బాగుండాది గదా చూపు? ఇప్పుడు ఆ కిటికీలో లోటా ఉండాది. గొట్టాలు తీయకుండా పోయి ఎత్తుకోని రా అప్పా."

నాన్న నవ్వుతూనే బయలుదేరాడు. రెండడుగులు వేశాడో లేదో ముక్కాలి పీట మోకాలికి కొట్టుకుంది. పక్కకు తప్పుకోబోయి చేతులు కడుక్కునే గిన్నె తన్నాడు. నీళ్లు గది నిండా పారాయి. కిటికీ దొరికింది గాని లోటా దొరకలేదు. గొట్టాలను అటూ ఇటూ తిప్పి చివరికి పట్టుకున్నాడు. వెనక్కి వస్తుంటే బల్ల మీద కూర్చున్న తాతయ్య కాళ్లకు తగిలి ముందుకు తూలాడు. తాతయ్య చేతులు చాపి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. నాన్న గొట్టాలు దించి, కాళ్లకింద పారుతున్న నీళ్లు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఈ గొట్టంలో నుంచి సూదిలో దారం ఎక్కించొచ్చు," అన్నారు డాక్టరమ్మ మెల్లగా. "కింద ఉండే పీట మాత్రం కనిపించదు. వెలుగు తగ్గితే గొట్టం కూడా ఇంగా సన్నమైతాది. మీ బిడ్డ అబద్ధమాడలేదప్పా."

నాన్న గొట్టాలు బల్ల మీద పెట్టాడు. నా దగ్గరికి వచ్చి, నేను కూర్చున్న కుర్చీ పక్కనే నేల మీద, ఆ నీళ్లలోనే కూర్చున్నాడు.

తర్వాత ఆవిడ అమ్మను పిలిచి ఏమేం తినిపిస్తున్నావని అడిగారు. అమ్మ అంతా చెప్పి, కొంగులోంచి మాత్రల సీసా తీసి చూపించింది. ఎన్ని వేస్తున్నదీ విని డాక్టరమ్మ ముఖం మారింది. నా పెదవులు, అరచేతులు, జుట్టు చూశారు.

"తలనొప్పి, వాంతి కంటి జబ్బుతో రాలేదమ్మా. ఈ మాత్రలతో వచ్చినాయి. ఇవి ఉప్పు మాదిరి. లేకపోతే కష్టం, మించితే ఇంగా కష్టం. ఈ దినం నుంచే ఆపేయ్. కార్జం కూడా కొన్నాళ్లు వద్దు."

"మరి పక్కింటి పిల్లకి నయమైంది గదమ్మా?"

"ఆ పిల్లకి తిండి లేక వచ్చింది, తిండితో పోయింది. మీ పాపది లోపల పొరలోనే వచ్చిన జబ్బు. తిండి తక్కువై వచ్చింది కాదు, తిండితో పోదు. అట్లని తిండి వద్దని కాదు. ఆకుకూర, రాగులు, గుడ్డు, పాలు, పండు అన్నీ అందరు పిల్లలు తిన్నట్టు తిననీ. ఒళ్లు గట్టిగా ఉంటే కన్నుకీ మంచిదే. మందని భయపెట్టి పెట్టొద్దు, అన్నమని పెట్టు."

తర్వాత ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగారు. నాన్న, అమ్మ ఇద్దరూ తాతయ్య వైపు చూపించారు. మీ ఇద్దరిదీ మేనరికమా అని అడిగితే అమ్మ తల ఊపింది. నాన్న ఆమెకు సొంత మేనమామ. "ఈ తాత నాకూ తాతేనమ్మా," అంది.

డాక్టరమ్మ ఒక కాగితం మీద గీతలు గీసి చూపించారు. తాతయ్య నుంచి ఆ జబ్బు తాలూకు విత్తనం ఒకటి నాన్నలోకి, ఒకటి నాన్న తోబుట్టువైన మా అమ్మమ్మ ద్వారా అమ్మలోకి వచ్చింది. ఒక్కొక్కటే ఉంటే ఏమీ చేయదు. అందుకే వాళ్లిద్దరికీ కళ్లు బాగున్నాయి. రెండూ నాలో కలిశాయి. అమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అడిగింది, "అయితే గ్రహణం కాదా?"

"గ్రహణమూ కాదు, నీ తప్పూ కాదు. ఎవరి తప్పూ కాదమ్మా."

అమ్మ అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు అంతకుముందు ఇంట్లో నేను విన్న ఏడుపులా లేదు.

మేం లేవబోతుంటే డాక్టరమ్మ ఆపారు. "పెద్దాయన కన్ను కూడా చూస్తాను, ఇట్ల రమ్మనండి."

"నాకెందుకు తల్లీ, నాది ముగిసిపోయిన కత," అన్నాడు తాతయ్య. అయినా ఆవిడ వదల్లేదు. నాకు చూసినట్టే చుక్కలు వేసి, దీపం పెట్టి, అంతకంటే ఎక్కువసేపు చూశారు. చూసి చెప్పిన మాట మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ ఊహించనిది. తాతయ్య కంట్లో రెండు జబ్బులున్నాయి. ఒకటి నాకున్నదే, లోపలి పొరది. దానికి మందులేదు. రెండోది, దానికి ముందు వైపు కమ్మిన శుక్లం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు శుక్లం తొందరగా వస్తుందట. లోపల నడిమధ్యలో ఇంకా కొంత చూపు మిగిలి ఉంది, శుక్లం దాన్ని కప్పేసింది. శుక్లం తీసేస్తే ఆ మిగిలినంత చూపు ఆయనకు తిరిగి దొరకవచ్చు.

"ఎంత దొరుకుతాదో నేను మాట ఇవ్వలేను," అన్నారు. "పక్కలు రావు. రాత్రి రాదు. ముందున్న మనిషి ముఖం కనిపించొచ్చు. అంతే."

నాన్న సందేహించాడు. ఉన్న వెలుతురు కూడా పోతే ఎలా అన్నాడు. అమ్మ, ఈ వయసులో కోతలెందుకు అంది. తాతయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అందరి మాటా విన్నాడు. చివరికి డాక్టరమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"ఈ శుక్లం రేపు ఈ పిల్లకి కూడా వస్తాదా తల్లీ?"

"వచ్చే అవకాశం ఉండాది పెద్దాయనా. శానా ఏండ్లు పొయినాక."

"అట్లయితే నాకు చేసేయ్. నా కంట్లో చేసి చూడు. బాగైతే, ఈ పిల్లకి ఆ దినం వచ్చినప్పుడు భయపడదు. మా తాతకి చేసినారు, బాగైంది అనుకుంటాది. బాగ కాకపోతే, నాకు పోయేదేం ఉండాది?"

అప్పుడు ఆ మాట బరువు నాకు తెలియలేదు. తాతయ్య ఆసుపత్రిలో ఉండిపోతాడని మాత్రం తెలిసి ఏడ్చాను.

ఆ రోజుల్లో శుక్లం ఆపరేషన్ అంటే ఇప్పటిలా పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావడం కాదు. కళ్లకు కట్టు కట్టి, తల కదలకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. నాన్న అక్కడే ఉండి ఆయనకు గంజి తాగించాడు. కట్టు విప్పాక కూడా కొన్ని వారాలు ఆగి, సీసా అడుగులాంటి మందపు అద్దాలు ఇచ్చారు. ఆ అద్దాలు పెట్టే రోజు నన్ను మళ్లీ తీసుకువెళ్లారు.

పొద్దున పదయి ఉంటుంది. వరండాలో ఎండ బాగా పడుతోంది. తాతయ్యను బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను ఎదురుగా నిలబెట్టారు. డాక్టరమ్మ అద్దాలు తొడిగారు. ఆయన తల అటూ ఇటూ ఆడించాడు, పైకి ఎత్తాడు, దించాడు. తాతయ్య చేయి చాపి నా గడ్డం పట్టుకున్నాడు. ముందు గడ్డం చూశాడు. తర్వాత తల కొంచెం ఎత్తి నోరు చూశాడు, ముక్కు చూశాడు. నా ముఖమంతా ఒక్కసారిగా ఆయనకు పట్టలేదు. ముక్కలు ముక్కలుగా చూసి కలుపుకున్నాడు.

"ముక్కు మా అమ్మది," అన్నాడు. నేను పుట్టిన తొమ్మిదేళ్లకు, నా ముఖం గురించి ఆయన అన్న మొదటి మాట అది. తర్వాత నాన్నను పిలిచి, "నీకింత జుట్టు నెరిసిందేమిరా!" అన్నాడు. నాన్న నవ్వబోయి, నవ్వలేక, వరండా చివరికి వెళ్లి నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక నాన్న ఒక పని చేశాడు. నన్ను కొట్టినందుకు ఆయన నోటితో ఎప్పుడూ ఏమీ అనలేదు. మరుసటి రోజు సున్నం కలిపి, ప్రతి గడప అంచుకూ, ప్రతి మెట్టుకూ బెత్తెడు వెడల్పున తెల్లటి పట్టీ పూశాడు. ఇంటి వెనక తలుపు నుంచి పురుగుల సాల దాకా దారికి రెండు వైపులా తెల్లరాళ్లు పాతాడు. ఆ తర్వాత మా సాలలో తట్ట నేల మీద పెట్టిన రోజు లేదు. నేను మాత్రలు మానేశాను. తలనొప్పి పోయింది, జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చింది. చూపు అలాగే ఉంది. కానీ ఇంట్లో అందరికీ ఇప్పుడు అదేమిటో తెలుసు, అది ఏం చేస్తుందో తెలుసు, ఏం చేయదో తెలుసు. భయం సగం అక్కడే తగ్గిపోయింది.

తాతయ్య ఆ చిన్న చూపుతో ఏడేళ్లు బతికాడు. పండిన పట్టుపురుగును రంగు చూసి ఏరేవాడు. పేపరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. చివరి రెండేళ్లలో ఆ కాస్త చూపు కూడా తగ్గుతూ వచ్చింది. దానికి ఆయన ఎవరినీ నిందించలేదు. మాట ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది గదా అనేవాడు.

నేను చదువుకున్నాను. హైస్కూల్లో లెక్కల టీచరునయ్యాను. చుట్టాల్లో సంబంధం వద్దని నాన్నే ముందు పట్టుబట్టాడు. బయటి సంబంధం చేశారు. నా ఇద్దరు పిల్లలకూ కళ్లు బాగున్నాయి. నలభై ఆరేళ్ల వయసులో, బోర్డు మీద నేను రాసిన అంకెలే నాకు మంచులో ఉన్నట్టు కనిపించడం మొదలైంది. జబ్బు ముదిరింది, ఇక ఉద్యోగం మానేయమని ఇంట్లో వాళ్లు కంగారుపడ్డారు. నేను కంగారు పడలేదు. నేరుగా వెళ్లి, శుక్లమేమో చూడమని అడిగాను. అదే. రెండు కళ్లకూ చేశారు. ఆపరేషన్ గదిలో బల్ల మీద పడుకున్నప్పుడు నాకు తెలిసింది, తాతయ్య ఆ రోజు నాకోసం ఏం చేశాడో. మా తాతకు చేశారు, బాగైంది అనుకున్నాను. సరిగ్గా ఆయన అన్న మాటే నా మనసులోకి వచ్చింది. మళ్లీ పదేళ్లకు పైగా పాఠాలు చెప్పి, వయసు నిండాకే రిటైరయ్యాను.

ఇప్పుడు నాకు మిగిలింది నడిమధ్యలో అరచేయంత చూపు. మధ్యలో ఒకసారి లోపలి పొరలో నీరు చేరి వాపు వస్తే, చుక్కల మందుతో తగ్గింది. అది కూడా నయమయ్యే ముక్కే. బెంగళూరులో రక్తం తీసి జన్యుపరీక్ష చేశారు. ఒక రకం జన్యువు చెడినవాళ్లకు కంటి లోపలికి ఎక్కించే చికిత్స వచ్చిందట, నాది ఆ రకం కాదు. మిగతా రకాలకు పరిశోధనలు సాగుతున్నాయన్నారు. సాగనీ. విటమిన్ మాత్రలు వేసుకోవాలా అని అడిగితే అక్కడి డాక్టరు, కొన్ని రకాల్లో అవి ఉల్టా కీడు చేస్తాయి, రకం తెలియకుండా, రక్తం చూడకుండా ఎవరూ సొంతంగా వేసుకోకూడదన్నాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఆయనకు చెప్పలేదు. తెల్ల కర్ర పట్టుకుని కె.జి.ఎఫ్. వీధుల్లో ఒక్కదాన్నే తిరుగుతాను. ఫోను నాకు పేపరు చదివి పెడుతుంది.

పోయిన నెల టేకల్ నుంచి ఒక జంట నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అతను మా వైపే ఉన్న నరసాపురంలో మోటారు బళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. వాళ్ల ఎనిమిదేళ్ల పాపకు ఇదే జబ్బని బెంగళూరులో చెప్పారట. చెప్పిన దగ్గర్నుంచి ఆ తల్లికి నిద్ర లేదు. సంచి నిండా పొడులు, నూనెలు, మాత్రల డబ్బాలు తెచ్చి నా బల్ల మీద పేర్చింది. ఫోనులో ఎవరెవరో చెప్పినవి, ఎక్కడెక్కడి నుంచో తెప్పించినవి. ఏది ముందు పెట్టాలో చెప్పమని అడిగింది. ఆ డబ్బాల మీద నేను చేయి వేసి ఉంచాను. వీటిలో ఒక్కటి కూడా డాక్టరుకు చూపించకుండా పాప నోట్లోకి పోకూడదని చెప్పాను. అన్నం, ఆకుకూర, గుడ్డు, పండు మామూలుగా పెట్టమన్నాను. ఆ పిల్ల అప్పటికే మా ఇంట్లో కిటికీ వెలుగులో కూర్చుని నా మనవరాలి కథల పుస్తకం చదువుకుంటోంది.

తల్లి గొంతు తగ్గించి అడిగింది, "మా పాపకి నయమైతాదా టీచరమ్మా?"

ఎవరైనా ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. జబ్బు ఒక్క ముద్దగా కనిపిస్తుంది, కానీ ఒక్క ముద్ద కాదు. దాన్ని విడదీసి చూసేదాకా చేతులెత్తేయకూడదని తొమ్మిదేళ్లప్పుడు నేర్చుకున్నాను. దాన్ని నేర్పడానికి మా ఇంట్లో పెద్దాయన ఒకడు తన కన్నునే ముందు పెట్టాడు.

"ఏది నయమైతాదో, ఏది కాదో, ముందు అది తెలుసుకుందాం," అన్నాను. "వచ్చే బుధవారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తానమ్మా."